లో వోల్టేజీ వస్తే?

నరసరావుపేట,
ఫిబ్రవరి 9.

చిరంజీవి ఫర్హీన్‌కు,

మీ అమ్మమ్మ అబిదా దువాలతో రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగానే ఉన్నావని మీ కరీముల్లా మామయ్య అంటున్నాడు గానీ, వాడి మాట నేను నమ్మను.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు కుడి చెవికి ఆనించి పెట్టుకుని విన్నాను. నలభై ఏళ్లు దూది ఏకే మిషన్ పక్కన కూర్చున్నందుకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది, ఇప్పుడు కుడిది కూడా దాని దారే పట్టింది. "ఆర్నెల్లు" అన్నావు. "తీసేస్తారు" అన్నావు. ఈ రెండే వినపడ్డాయి, మిగతాదంతా గుయ్యిమంది. మామయ్యను అడిగితే "ఏం లేదులే అమ్మా, నువ్వు పోయి పడుకో" అన్నాడు. ఏం లేకపోతే నన్ను పడుకోమనడం ఎందుకు?

నిన్ను ఎవరు తీసేస్తారు? ఏం చేశావు? ఏదన్నా పగలగొట్టావా? మీ అమ్మ నజీమాకు తెలుసా? అది చిలకలూరిపేట మిల్లులో షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతున్నా లేపి అడుగుదామనుకున్నాను, మళ్లీ దానికి కంగారని ఊరుకున్నాను.

నాకు ఫోన్ వద్దు. కాగితం మీద రాయి. నాలుగో తరగతి దాకా చదివినదాన్ని, విడివిడిగా రాస్తే చదువుకోగలను. లిఫ్టులో ఒక్కదానివే ఎక్కకు.

మీ అమ్మమ్మ,
అబిదా.

*

హైదరాబాద్,
ఫిబ్రవరి 16.

అమ్మమ్మకు,

అస్సలాము అలైకుమ్. నన్ను ఎవరూ తీసేయలేదు. నేనేమీ పగలగొట్టలేదు. ఆర్నెల్లు పనిచేసి చూపించాలి, నచ్చితే ఉంచుకుంటారు. జూన్ నెలాఖరుకు ఆ ఆర్నెల్లు పూర్తవుతాయి. ఇంతే సంగతి. కానీ నువ్వు ఇంతేతో ఊరుకోవని తెలుసు కాబట్టి మొత్తం రాస్తున్నాను, చదువుకో.

మా దగ్గర ఒక్కో పెద్ద కంప్యూటర్ లోపల వందల కొద్దీ చిన్న కంప్యూటర్లు ఉంటాయి. అవి నిజంగా ఉండవు, ఉన్నట్టు నమ్మిస్తాం. ప్రతి ఒక్కటీ ఈ మిషనంతా నాదే అనుకుంటూ పనిచేసుకుపోతుంది. అవి ఒకదాన్నొకటి తొక్కుకోకుండా చూసే ప్రోగ్రాం మా పని. అందులో ఒక తేడా దొరికింది.

మన పరుపుల కొట్టునే తీసుకో. ఏకే మిషన్ ఒకటి. కాటాలు ఇప్పుడు రెండున్నాయి గానీ ఒకటే ఉందనుకో. పాత పరుపు తెచ్చినవాళ్ల దూదిని వాళ్ల కళ్లముందే తూచి, మిషన్ ఖాళీ అయ్యేదాకా కాటా మీదే ఉంచుతాం కదా, కిందికి దించితే తగ్గిందని అనుమానపడతారని. కొత్త పరుపు దూదినేమో ఏకిన తర్వాత మిషన్ తొట్టిలోంచి నేరుగా కాటా మీదికే వేస్తాం, నేలమీద పోస్తే దుమ్మని. రెండు బేరాలూ ఒకేసారి వస్తే? పాత దూది కాటా మీద కూర్చుని మిషన్ కోసం చూస్తుంది. కొత్త దూది మిషన్‌లో కూర్చుని కాటా కోసం చూస్తుంది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, ఎవరూ కదలరు. కొట్టు మూసేదాకా అంతే.

మా ప్రోగ్రాంలో మిషన్, కాటా బదులు రెండు లాకులున్నాయి. లాక్ అంటే "నేను వాడుకుంటున్నాను, నా పనయ్యేదాకా ఆగండి" అని పెట్టే అడ్డు. ఒకటి ఆ చిన్న కంప్యూటర్ల జాబితాకు, అది కాటా. ఇంకోటి లెక్కలు చేసే ప్రాసెసర్లకు, అది మిషన్. కొత్త చిన్న కంప్యూటర్‌ను పుట్టించేవాళ్లు ముందు జాబితా పట్టుకుని తర్వాత ప్రాసెసర్లు అడుగుతారు. ఏదైనా ప్రాసెసర్‌ను ఆపేవాళ్లు ముందు ప్రాసెసర్లు పట్టుకుని తర్వాత జాబితా అడుగుతారు. ఇద్దరూ ఎదురుపడితే మొత్తం పెద్ద మిషన్ బిగుసుకుపోతుంది.

మూడేళ్లలో ఒక్కసారి కూడా అలా జరగలేదు. కానీ మా దగ్గర ఒక కాపలా ప్రోగ్రాం ఉంది. ఎవరు దేని తర్వాత ఏది పట్టుకున్నారో గుర్తుపెట్టుకుని, "ఏదో ఒకరోజు వీళ్లిద్దరూ బిగుసుకుపోతారు" అని ముందే అరుస్తుంది. మా సీనియర్ జోయెల్ గారు "అది ఊరికే భయపడుద్దమ్మా, దాని నోరు మూసేయ్" అన్నారు. దాని అరుపు చూస్తే నాకు నువ్వే గుర్తొచ్చావు. అందుకే ముయ్యబుద్ధి కాలేదు.

మా వాసంతి మేడమ్‌ను టైం అడిగాను. "జూన్ పదిహేనుకు ఇది బయటికి పోవాలి. అంతలోగా సరిచేస్తే సరే. లేకపోతే ఆ అరుపు ఆపేసి పంపుతాం. పట్టుబట్టి తీసుకున్నావు కాబట్టి నిన్ను ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా దీన్నిబట్టే చూస్తాను" అన్నారు. మందు తేలికే అనిపిస్తోంది: ఎవరైనా సరే ముందు మిషన్, తర్వాతే కాటా. అందరూ ఒకే వరస పాటిస్తే ఎవరూ ఎదురుపడరు.

లిఫ్టులో ఒక్కదాన్నే ఎక్కడం లేదు, నాతో ఇరవై మంది ఎక్కుతారు.

నీ
ఫర్హీన్.

*

నరసరావుపేట,
ఫిబ్రవరి 26.

చిరంజీవి ఫర్హీన్‌కు దువాలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, రెండోసారి అర్థమైంది, మిగతా రెండుసార్లు భయమేసింది. ఇరవై మంది ఎక్కితే లిఫ్టు తెగదా?

మిషన్, కాటా గురించి నువ్వు రాసిన చోట కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. ఎందుకని అడగకు.

అరిచేదాని నోరు మూయడమేందే? ఆ జోయెల్ గారు ఎవరోగానీ పెద్దవాడు, ఆయనతో గొడవ పెట్టుకోకు. కానీ మూయకు.

ముందు మిషన్, తర్వాత కాటా అన్నావు. బాగానే ఉంది. నాకు వచ్చిన అనుమానాలు రాస్తున్నాను. విసుక్కోకుండా చూడు. మిషన్ పట్టుకున్నవాడు మధ్యలో ఎక్కడికన్నా లేచిపోతే? రంజాన్ ముందు వారంలో మాదిరిగా నలుగురైదుగురు ఒకేసారి వస్తే? కాటా తప్పు చూపిస్తే? లో వోల్టేజీ వస్తే? ఎండాకాలం మన మిషన్ సంగతి నీకు తెలియదు, నువ్వు అప్పటికి పుట్టలేదు. నీరసంగా తిరిగి దూది ఉండలు ఉండలుగా వచ్చేది. కాటా మీద వేశాకగానీ ఆ ఉండలు కనపడేవి కావు. మళ్లీ ఏకాలి. బేరగాడు చూస్తుంటాడు కాబట్టి కాటా మీది నుంచి దించకూడదు. ఈలోపు మిషన్‌ను ఇంకొకళ్లు పట్టుకుని ఉంటారు. అప్పుడు నీ వరస ఏమవుద్ది? ఇంకోటి, మిషన్‌లోకి ఎలకలు దూరితే? మీ హాస్టల్లో ఎలకలున్నాయా? ఉంటే చదువు కాగితాలు పెట్టెలో పెట్టుకో.

రాజుపాలెం నుంచి మస్తాన్‌రావు గారు పాత పరుపులు నాలుగు ఏకించడానికి తెచ్చారు. నీ గురించి అడిగితే కంప్యూటర్లను తూస్తోందని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు, నాకూ కాలేదు.

కరివేపాకు పొడి పంపుతున్నాను. మూత గట్టిగా పెట్టు.

మీ అమ్మమ్మ.

*

హైదరాబాద్,
మార్చి 20.

అమ్మమ్మా,

ఇవాళ పెద్ద ఉత్తరం రాయను, మనసు గాల్లో ఉంది. అందరికీ ఒకే వరస పెట్టేశాను. కాపలా ప్రోగ్రాం అరవడం మానేసింది! మేడమ్ చూసి "బాగుంది" అన్నారు. ఆమె నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు. ఇక రెండు వారాలు పెద్ద మిషన్ల మీద ఆపకుండా నడిపి చూడటమే మిగిలింది.

నీ అనుమానాలు మా రూమ్మేట్ మిస్బాకు చదివి వినిపించాను. ఎలకల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. మా మిషన్లకు లో వోల్టేజీ రాదు అమ్మమ్మా, గదుల నిండా బ్యాటరీలే. ఎలకలు కూడా ఐడీ కార్డు లేకుండా లోపలికి రాలేవు.

పొడి అయిపోయింది. మళ్లీ పంపు.

ఫర్హీన్.

*

హైదరాబాద్,
మార్చి 31.

అమ్మమ్మకు,

ఇది మామయ్యకు చూపించకు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం పరీక్షకు పెట్టిన పెద్ద మిషన్ బిగుసుకుపోయింది. లోపల ఉన్న మూడు వందల చిన్న కంప్యూటర్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. మళ్లీ మొదలుపెడితే ఈ పొద్దున బాగానే నడుస్తోంది. ఎందుకు ఆగిందో తెలియడం లేదు.

ఇందులో ఘోరమేమిటంటే, మూడేళ్లుగా అరుపే తప్ప ఎన్నడూ ఆగని మిషన్, నేను బాగుచేశాక ఆగింది. మీటింగులో పదిమంది ముందు జోయెల్ గారు "భయపడేదాని మాట వింటే ఇదే జరుగుద్ది" అన్నారు. కోపంగా కూడా అనలేదు, నవ్వుతూ అన్నారు. మేడమ్ నా ప్యాచ్ వెనక్కి తీయించారు. ప్యాచ్ అంటే నేను కుట్టిన అతుకు అనుకో. "ఇంకొక్కసారి చూస్తాను, అంతే" అన్నారు.

నేను సరిపోనేమో అనిపిస్తోంది.

ఫర్హీన్.

*

నరసరావుపేట,
ఏప్రిల్ 5.

చిరంజీవి ఫర్హీన్‌కు దువాలు.

మామయ్యకు చూపించలేదు. నీ ఉత్తరం దిండు గలీబులో పెట్టుకున్నాను.

అన్నం తింటున్నావా? తినకపోతే బుర్ర పనిచెయ్యదు. నీ చిన్నప్పుడు లెక్క రాకపోతే పలక గోడకేసి కొట్టేదానివి. ఇప్పుడు దేన్నీ కొట్టకు, అవి ఖరీదైనవి.

ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకు. నాకు వచ్చిన అనుమానాలు రాశాను. నువ్వు ఒక్కదానికీ జవాబు రాయలేదు. నవ్వామని రాశావు. నవ్వు జవాబు కాదు కదే. ఎలకలకు నవ్వితే నవ్వావు, మిగతావి? ఒక్కోదానికీ "ఇది జరగదు, ఎందుకంటే ఇందుకు" అని కాగితం మీద రాయి. రాయలేకపోయావంటే అక్కడే ఉంది నీ చిక్కు.

నాకు నీ మిషన్ తెలియదు. భయం తెలుసు. ఊరికే భయపడటం వేరు, ఏది ఎట్లా పోద్దో వరసగా చూసుకోవడం వేరు. నాకు మొదటిదే చానా ఉంది, రెండోది కొంచెం ఉంది. నువ్వు రెండోది తీసుకో.

పొడి రెండు సీసాలు పంపాను. నీకొకటి, ఆ మిస్బాకొకటి. నవ్విందని పంపడం మానను.

మీ అమ్మమ్మ.

*

హైదరాబాద్,
ఏప్రిల్ 19.

అమ్మమ్మా! అమ్మమ్మా!

నువ్వు చెప్పినట్టే నీ ప్రశ్నలు వరసగా కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. మధ్యలో లేచిపోతే? జవాబు రాశాను. నలుగురొస్తే? రాశాను. కాటా తప్పు చూపిస్తే? రాశాను. లో వోల్టేజీ వస్తే? "మాకు లో వోల్టేజీ రాదు, ఎందుకంటే" అని రాసి, పెన్ను ఆగిపోయింది.

మాకు లో వోల్టేజీ రాదు. కానీ పని తక్కువున్నప్పుడు కరెంటు ఆదా కోసం ప్రాసెసర్లను మేమే కావాలని నెమ్మదిగా తిప్పుతాం! ఆదివారం మధ్యాహ్నం పని ఉండదు. అప్పుడే కదా ఆగింది! స్పీడు తగ్గినప్పుడల్లా మా ప్రోగ్రాంలోని ఒక చిన్న ముక్క లేచి, జాబితా పట్టుకుని, "మీ మిషన్ స్పీడు మారింది" అని ఒక్కో చిన్న కంప్యూటర్‌కు చెప్పుకుంటూ పోతుంది. చెబుతూ చెబుతూ మధ్యలో ప్రాసెసర్లను అడుగుతుంది. అంటే కాటా మీద దూది ఉండగా మిషన్ అడుగుతోంది. అచ్చం నీ ఉండలు కట్టిన దూదే.

ముందు ఆ ముక్కా, కొత్తవాటిని పుట్టించే ముక్కా ఒకే వరసలో పోయేవి, కాబట్టి వాటిమధ్య గొడవ లేదు. నేను ఒకదాని వరస తిప్పేసి రెండోదాన్ని చూడలేదు. లేని గొడవను నేనే తెచ్చిపెట్టాను.

మరి కాపలా ప్రోగ్రాం దీన్ని ఎందుకు పట్టుకోలేదో తెలుసా? అది కళ్లారా చూసిన వరసలనే గుర్తుపెట్టుకుంటుంది. నేను నడిపిన చిన్న పరీక్షల్లో స్పీడు ఎప్పుడూ తగ్గలేదు, కాబట్టి అది చూడలేదు. చూడనిదాన్ని అది ఊహించలేదు. నువ్వు ఊహించావు.

నిజమో కాదో తేల్చుకోవడానికి జోయెల్ గారిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. కావాలని స్పీడు తగ్గిస్తూ పెంచుతూ నడిపాను. పదకొండో నిమిషంలో బిగుసుకుంది. మళ్లీ నడిపాను, మళ్లీ. మూడుసార్లకు మూడుసార్లూ. ఆయన లేచి వెళ్లి రెండు టీలు తెచ్చి ఒకటి నా ముందు పెట్టి "ఈ స్పీడు సంగతి ఎట్లా తట్టింది నీకు?" అన్నారు. "మా అమ్మమ్మ అడిగింది సార్" అన్నాను. నవ్వుతాననుకుని చూశారు. నేను నవ్వలేదు.

జబ్బు దొరికింది, మందు కూడా తట్టింది. వరసలు మార్చడం కాదు. ఆ జాబితా లాక్ ఒక్కటే రెండు పనులు చేస్తోంది: పేర్లు చూడటం, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవడం. పుట్టించేవాళ్లకూ ఆపేవాళ్లకూ కావాల్సింది లెక్క ఒక్కటే. దానికి వేరే చిన్న లాక్ పెట్టేస్తే వాళ్లు జాబితా జోలికే రారు. అంటే, ఒక కాటా చాలదు, రెండో కాటా కావాలి.

అది రాస్తుంటేనే అనుమానం వచ్చింది. మన కొట్టులో నాకు తెలిసినప్పటినుంచీ రెండు కాటాలున్నాయి. నరసరావుపేటలో ఇంకే పరుపుల కొట్టులోనూ రెండు లేవు. మనకెందుకున్నాయి?

ఫర్హీన్.

*

నరసరావుపేట,
మే 2.

చిరంజీవి ఫర్హీన్‌కు దువాలు.

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. జవాబు రాయడానికి కూర్చోవడం, లేవడం. ఇవాళ ఇంట్లో ఎవరూ లేరు, రాసేస్తాను.

మీ తాతయ్య కుడిచేతి వేళ్లు రెండు బస్సు తలుపులో నలిగాయని నీకూ, బయటివాళ్లకూ చెప్పాం. అది అబద్ధం.

మీ అమ్మ పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం. అప్పుడు ఒకటే కాటా. రోజూ నువ్వు రాసినట్టే కాటా మీద ఒకళ్లది, మిషన్‌లో ఒకళ్లది, కొట్టు ముందు కేకలు. తట్టుకోలేక మీ తాతయ్య ఆగిన దూదిని తొట్టిలోంచి చేత్తో లాగేసేవారు. ఆ పొద్దున నేను గుమ్మంలో నిలబడి "ఇంకో కాటా కొందామండీ, అట్లా చెయ్యి పెట్టమాకండి, ఏదో ఒకరోజు చెయ్యి పోద్ది" అన్నాను. ఆయన నవ్వారు. "నీకు పొద్దున లేస్తే భయాలే" అన్నారు.

మధ్యాహ్నం లో వోల్టేజీ. దూది ఉండలు కట్టింది. కాటా మీదున్నది దించనియ్యరు, మిషన్‌లో ఉన్నది తీయనియ్యరు, బేరగాళ్లిద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. మిషన్ తిరుగుతోందో లేదో తెలియనంత నీరసంగా ఉంది. ఆగిందనుకుని మీ తాతయ్య చెయ్యి పెట్టారు. అదే క్షణంలో కరెంటు నిండుగా వచ్చింది.

వారం తిరక్కముందే రెండో కాటా వచ్చింది. వేళ్లు రాలేదు.

అప్పటినుంచీ ఇంట్లో అందరూ "పొద్దున నోరు జారింది, మధ్యాహ్నానికి జరిగింది" అన్నారు. మా అత్తగారు పోయేదాకా అన్నారు. మీ తాతయ్య అవుననలేదు, కాదనలేదు. నేను నోరు తెరవగానే కరీముల్లా "అమ్మా, అనమాక" అంటాడు. వాడు మంచోడే, భయపడి అంటాడు. నేను కూడా నమ్మాను ఫర్హీనూ. నేను అనబట్టే జరిగిందని ముప్ఫై ఏళ్లు నమ్మాను. కాగితం మీద రాస్తే నోట అన్నట్టు కాదు కదా అని నీకు మాత్రం రాస్తుంటాను.

నీకు లో వోల్టేజీ అని రాసి పోస్టులో వేశాక కూడా, ఎందుకు రాశానా అని తల కొట్టుకున్నాను. నీ మిషన్ ఆగిందని తెలిసిన రోజు నేను రాయబట్టే ఆగిందని అనుకున్నాను.

ఇది చదివి చించెయ్.

మీ అమ్మమ్మ.

*

హైదరాబాద్,
జూన్ 8.

అమ్మమ్మకు,

చించలేదు. చించను.

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి కారణముంది. ఓదార్పు మాటలు రాయాలనుకోలేదు. రుజువు చేతికి వచ్చాక రాయాలనుకున్నాను. ఇప్పుడు వచ్చింది.

రెండో లాక్ పెట్టాను. పెట్టేముందు నీలాగా కూర్చుని నలభై ఒక్క అనుమానాలు రాసుకుని ఒక్కోదానికీ జవాబు రాశాను. జోయెల్ గారు ఇంకో ఆరు కలిపారు! ఎనిమిది పెద్ద మిషన్లు, ఒక్కోదాంట్లో మూడు వందల చిన్న కంప్యూటర్లు. ప్రాసెసర్లను ఆపుతూ, లేపుతూ, స్పీడు పెంచుతూ, తగ్గిస్తూ, కొత్తవి పుట్టిస్తూ, పాతవి తీసేస్తూ ఇరవై ఒక్క రోజులు నడిపాం. ఒక్కసారి కూడా ఆగలేదు. ఒక్క అరుపు కూడా లేదు, అదీ కాపలా ప్రోగ్రాం అన్నీ కళ్లారా చూశాక.

మేడమ్ అందరినీ పిలిచి "అరుపు ఆపేసి పంపి ఉంటే, ఏదో ఒకరోజు బయట ఎవరి మిషన్లో ఆగిపోయేది, మనకు కారణం కూడా దొరికేది కాదు" అన్నారు. జోయెల్ గారు అందరి ముందూ "నోరు మూసేయమన్నది నేనే" అన్నారు. ఇక నుంచి ఏ ప్యాచ్ అయినా లోపలికి రావాలంటే ముందు "ఇలా అయితే?" అన్న కాగితం ఉండాలని మేడమ్ రూలు పెట్టారు. నన్ను ఉంచుకున్నారు. జూన్ నెలాఖరు దాకా కూడా ఆగలేదు, నిన్ననే కాగితం ఇచ్చారు.

ఇప్పుడు నీ సంగతి. కాపలా ప్రోగ్రాం అరిచినందుకు ఏ మిషనూ ఆగలేదు అమ్మమ్మా. లాకుల వరస తప్పుగా ఉంది కాబట్టి ఆగింది. అది అరవకపోయినా ఆగేదే. ఆ రోజు నువ్వు గుమ్మంలో నోరు తెరవకపోయినా లో వోల్టేజీ వచ్చేది, కాటా ఒకటే ఉండేది, కరెంటు తిరిగి వచ్చేది. తేడా ఒక్కటే, ముందే చెప్పినవాళ్లు ఎవరూ ఉండేవాళ్లు కాదు. నేనూ నవ్వాను కదా, మార్చిలో. తాతయ్య నవ్వినట్టే. నాకు వేళ్లు పోలేదు, అంతే.

ఒక అనుమతి కావాలి. ఈ ప్రోగ్రాం ప్రపంచంలో ఎంతోమంది కలిసి రాసేది. ఎవరు ఏం బాగుచేసినా కింద పేర్లు రాయడం మా ఆనవాయితీ: ఎవరు రాశారు, ఎవరు పరీక్షించారు, ఎవరు సూచించారు అని. ఒకసారి రాస్తే ఎప్పటికీ చెరగదు. "సూచించినవారు: నూర్‌బాషా అబిదా" అని రాయాలి. నువ్వు సరేనంటేనే రాయాలి. పరీక్షించినవారి దగ్గర జోయెల్ గారి పేరుంది.

ఫర్హీన్.

*

నరసరావుపేట,
జూన్ 13.

ఫర్హీన్‌కు దువాలు.

నిన్ను ఉంచుకున్నారని చదవగానే రెండు రకాతుల నమాజు చేసుకున్నాను. మీ అమ్మకు మామయ్య ఫోన్ చేస్తే, మిల్లు మోతలో దానికి మొదట ఏమీ అర్థం కాలేదట, అర్థమయ్యాక కేకపెట్టిందట.

నా పేరు వద్దు. ఎప్పటికీ చెరగదంటున్నావు. రేపు ఏదన్నా అయితే "ఈ అబిదా ఎవరు, పట్టుకురండి" అంటారు. నాకు నాలుగో తరగతి. నాకు మీ మిషన్ ఎట్లా ఉంటుందో కూడా తెలియదు. నవ్వుతారు. పైగా నా పేరు పెట్టాక అది ఆగిపోతే? వద్దు, తీసెయ్.

మీ అమ్మమ్మ.

*

హైదరాబాద్,
జూన్ 17.

అమ్మమ్మా,

అన్న మాట ప్రకారం పదిహేనున మా కంపెనీ నుంచి బయటికి పోయింది. నడుస్తోంది. ఎక్కడా ఆగలేదు.

ప్రపంచంలో అందరూ కలిసి రాసే ప్రోగ్రాంకు పంపాల్సిన, పేర్లు రాసే ప్యాచ్ మాత్రం ఇంకా పంపలేదు, నీ కోసం ఆపాను. వాసంతి మేడమ్‌కు నీ ఉత్తరం చదివి వినిపించాను. "నా పేరు పెట్టాక అది ఆగిపోతే?" అన్న చోట ఆమె నవ్వలేదు. "ఆమె అడిగింది న్యాయమే. జవాబు రాయి" అన్నారు. రాస్తున్నాను: ఆగిపోతే నన్ను అడుగుతారు, నిన్ను కాదు. రాసింది నేను. నువ్వు అడిగినదానివి. అడిగినందుకు ఎవరినీ పట్టుకుపోరు.

ప్యాచ్ మీద రాసిన వివరణను తెలుగులోకి మార్చి, అచ్చు తీసి ఇందులో పెడుతున్నాను. మామయ్యతో చదివించుకో. తర్వాత కూడా వద్దంటే తీసేస్తాను.

ఫర్హీన్.

*

నరసరావుపేట,
జూన్ 24.

చిరంజీవి ఫర్హీన్‌కు మీ అమ్మమ్మ అబిదా దువాలతో రాసేది.

కాగితం నిన్న పగలు పదకొండింటికి వచ్చింది. కొట్టులోనే విప్పాను. మస్తాన్‌రావు గారు ఈసారి కొత్త పరుపులు తీసుకుపోవడానికి వచ్చి కూర్చుని ఉన్నారు. కరీముల్లాను మిషన్ ఆపమన్నాను. వాడు పగలు మిషన్ ఆపడు, "ఏందమ్మా, ఏమైంది" అని కంగారుపడి ఆపాడు. కాగితం వాడి చేతిలో పెట్టి, నా కుడి చెవి దగ్గర గట్టిగా చదవమన్నాను.

వాడు చదివాడు. జాబితా, ప్రాసెసర్లు, స్పీడు తగ్గడం, రెండో లాక్, ఇరవై ఒక్క రోజులు, అన్నీ చదివాడు. చివర "సూచించినవారు" దగ్గర ఆగిపోయాడు. మస్తాన్‌రావు గారు "చదవరా, ఎవరు?" అన్నారు. వాడు నా వంక చూసి చదివాడు.

మస్తాన్‌రావు గారు "ఏందీ, మన అబిదమ్మే? ఈమెకు కంప్యూటర్లేం తెలుసు?" అన్నారు. నేను ఏదో అనబోయాను. కరీముల్లా అలవాటుగా "అమ్మా, అన..." అని మొదలుపెట్టాడు.

మీ తాతయ్య లోపల దిండ్లు కుడుతున్నారు. దబ్బనం పక్కనపెట్టి లేచి వచ్చారు. కుడిచెయ్యి పైకెత్తి మస్తాన్‌రావు గారికి చూపించారు. ఆ చేతిని ఆయన ఎవరికీ చూపించరు, ఎప్పుడూ తువ్వాలు కిందే ఉంటుంది.

"ఇది బస్సులో పోలేదు మస్తాన్‌రావూ," అన్నారు. "ఈ మిషన్లో పోయింది. పోద్దని ఈమె ఆ పొద్దునే చెప్పింది. ఎట్లా పోద్దో కూడా చెప్పింది. ఇననోణ్ణి నేను. ముప్ఫై ఏళ్లు ఈమె నోటి మీదికి తోసి నేను ఊరుకున్నా."

తర్వాత కరీముల్లా వంక తిరిగి "మీ అమ్మను ఇంకెప్పుడూ 'అనమాక' అని అనమాకు" అన్నారు.

నాకు ఒక్క ముక్క కూడా పోకుండా వినపడింది. మిషన్ ఆగి ఉంది కదా. ఆయన నావైపు చూడలేదు, మళ్లీ లోపలికి పోయి కూర్చుని కుట్టుకున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపటికి "ఆ పిల్లకు రాయి, పెట్టమని" అన్నారు.

మస్తాన్‌రావు గారు పరుపులు ఆటోలో కట్టించుకుంటూ, "అబిదమ్మా, ఈ తాడు ఆగుద్దంటావా?" అని నన్ను అడిగారు. వెళ్లి చూశాను. వెనక ముడి వదులుగా ఉంది. విప్పించి మళ్లీ కట్టించాను. ఎవరూ నవ్వలేదు.

పేరు పెట్టు. నూర్‌బాషా అబిదా, నరసరావుపేట అని ఊరు కూడా పెట్టు. ఎవరన్నా వచ్చి అడగాలనుకుంటే ఎక్కడికి రావాలో తెలియాలి కదా.

మీ అమ్మమ్మ,
అబిదా.